నెలిదా ఎంచుకున్న ఇస్త్రీపెట్టె

"ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు!"

రోస్మారి కేకకి కూతురు అనహీ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

వంటింటి బల్ల మీద తెల్లటి పాప్లిన్ అంగీ పరిచి ఉంది. ముందు వైపు నాలుగు కుచ్చులు. ఎడమ నుంచి రెండో కుచ్చు మీద, పడవ ముక్కు ఆకారంలో గోధుమరంగు మచ్చ. కిటికీలు రెండూ బార్లా తెరిచి అరగంటయినా మాడు వాసన ఇంకా వదల్లేదు.

ఎల్లుండి సోమవారం, వేసవి సెలవులయ్యి బళ్లు తెరుస్తారు. టీచర్లయినా పిల్లలయినా బడికి తెల్లంగీతోనే వెళ్లాలి. అనహీ టీచరుగా మొదటిసారి ఆ అంగీ తొడుక్కుని పిల్లల ముందు నిలబడాలి.

"పదిహేను రోజులు కుట్టాను," అంది రోస్మారి. ఈసారి గొంతు పెంచలేదు. "క్లినిక్‌లో డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు పీకుతున్నా కూచుని కుట్టాను. ఒక్కో కుచ్చూ స్కేలు పెట్టి కొలిచాను. పది నిమిషాలు నీ చేతికిచ్చానమ్మా. పది నిమిషాలంటే పదే నిమిషాలు!"

ఆ మాటలు తల్లి నెలిదాకి. డెబ్భై నాలుగేళ్ల ఆ మనిషి ఇస్త్రీ బల్ల పక్కన నిటారుగా నిలబడి, ఎవరి అంగీనో చూస్తున్నట్టు చూస్తోంది.

"ఇస్త్రీపెట్టె పాడైంది," అంది చివరికి.

"నలభై అయిదేళ్లు పాడవనిది సరిగ్గా ఇవాళే పాడైందా?"

"నలభై అయిదేళ్లయింది కాబట్టే పాడైంది."

గుమ్మంలో మాతే టీ బుర్ర చేత్తో పట్టుకుని నిలబడ్డ మిల్టన్ గొట్టం నోట్లోంచి తీశాడు. "ఆ లెక్కన నా టైమూ దగ్గరపడ్డట్టే. నాకు యాభై అయిదు."

అతని జోకుకి భార్య నవ్వలేదు, కూతురూ నవ్వలేదు. అత్తగారు మాత్రం కొద్దిగా పెదవి కదిపింది.

"మొన్న స్టవ్వు మీద పాలు," అంది రోస్మారి. "అంతకుముందు వీధి తలుపు రాత్రంతా తెరిచే ఉంది. ఇవాళ ఇది."

"పాలు పొంగని ఇల్లుందా?"

"పొంగలేదమ్మా. మాడిపోయాయి. గిన్నె అడుగు ఎర్రబడింది. నేను రాకపోతే ఏమయ్యేదో." రోస్మారి కుర్చీలో కూలబడింది. "నిల్సాకి చెప్పేశాను. సోమవారం నుంచి వస్తుంది. పొద్దున ఎనిమిదింటికొచ్చి నేను తిరిగొచ్చేదాకా నీతో ఉంటుంది."

"నాకు కాపలానా?"

"తోడు."

"తోడంటే? వీధిలోకి తిప్పుతుందా, స్టవ్వు దగ్గరికెళ్తే చేతి మీద కొడుతుందా?"

"అమ్మా!"

"అడుగుతున్నా. తెలుసుకోవద్దూ?"

"ఇంటి తాళాలు నిల్సా దగ్గరుంటాయి. స్టవ్వు తనే వెలిగిస్తుంది. ఇంక ఇస్త్రీ..." రోస్మారి అంగీ వైపు చూసింది. "ఇస్త్రీ నువ్వింక చెయ్యవు."

పక్కింట్లో ఎవరో రేడియో ట్యూన్ చేస్తున్నారు. వీధిలో బేకరీవాడి బండి బెల్లు కొట్టుకుంటూ వెళ్లింది.

నెలిదా పద్నాలుగో ఏట ఇస్త్రీ ఇనుము చేతపట్టింది. లా తేహా పేటలో ఆ వీధి మొత్తానికి ఆదివారం మధ్యాహ్నమంటే నెలిదా గుమ్మమే. సోమవారం బడికి పిల్లల తెల్లంగీలు గంజిపెట్టి తెచ్చి ఆమె చేతిలో పెట్టి వెళ్లేవాళ్లు తల్లులు. ఇప్పటికీ ముగ్గురు నలుగురు తెస్తూనే ఉన్నారు. వద్దని కూతురు ఎన్నోసార్లు చెప్పింది కానీ, ఇలా ఆజ్ఞలా ఎప్పుడూ చెప్పలేదు.

మిల్టన్ ముందుకొచ్చి పాత ఇస్త్రీపెట్టెకి వైరు గబగబా చుట్టేశాడు. "రిపేరు కొట్టు అపరీసియో దగ్గరికి పట్టుకెళ్తాను. వాడు విప్పి చూసి చెప్తాడు రోగం దీనికుందో లేదో. అందాకా ఎవరూ తీర్పులు చెప్పకండి."

"ఇప్పుడెందుకు? భోజనం చేసి వెళ్లొచ్చుగా?" అంది రోస్మారి.

"మధ్యాహ్నం కొట్టు మూసేస్తాడు."

అతను వెళ్లిపోయాడు. అనహీ అల్మరా తెరిచి కుట్టుబుట్టలో వెతికింది. మడతపెట్టిన పాప్లిన్ ముక్క పైకి తీసింది.

"అమ్మా, గుడ్డ మిగిలిందిగా. ఇది సరిపోదూ?"

రోస్మారి ముక్క తీసుకుని జానతో కొలిచింది. మళ్లీ కొలిచింది. ముఖంలో కోపం పోలేదు కానీ చేతులు మాత్రం అప్పుడే పనిలో పడ్డాయి. "అంగీ ముందు భాగం విప్పేసి కొత్తది కుట్టచ్చు. సాయంత్రానికవుతుంది. కానీ ఇస్త్రీ లేకుండా కుచ్చు నిలబడదే."

"కొత్త పెట్టె కొనుక్కొస్తాను. ఇప్పుడే."

"తేలికది కొను. ఆవిరిది." మాట కూతురితోనే అన్నా, చూపు తల్లి మీదుంది. "మర్చిపోతే దానంతటదే ఆరిపోయేవి ఉన్నాయట. అలాంటిది చూడు."

నెలిదా మెల్లగా నడుముకున్న ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది.

"నేనూ వస్తాను," అంది.

"నువ్వెందుకు?"

"దానంతటదే ఆరిపోయేది ఎలా ఉంటుందో చూడాలిగా."

*

బస్సులో కిటికీ పక్క సీటు అమ్మమ్మకిచ్చి అనహీ పక్కన కూచుంది. ఎండాకాలం చివరికొచ్చినా, మార్చి మొదట్లో ఎండ ఇంకా చురచురలాడుతోంది. ఒళ్లో చేతిసంచీ పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని నెలిదా బయటికి చూస్తోంది.

"మీ అమ్మ బడిలో చేరిన ఏడు కొన్నాం ఆ పెట్టె," అంది ఉన్నట్టుండి. "మీ తాతా నేనూ వెళ్లి. ఈ రోడ్డు మీదే. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో నా ఒళ్లో పెట్టుకున్నాను, పసిబిడ్డని పెట్టుకున్నట్టు. కండక్టరు అడిగాడు, దానికీ టికెట్ తీసుకున్నారా అని."

"తాత ఏమన్నాడు?"

"ఏమంటాడు? అయిదేళ్లు నిండలేదండీ, ఫ్రీ అన్నాడు."

అనహీ పకపకా నవ్వింది. తాత రూబెన్ ఆమె పుట్టకముందే పోయాడు. అమ్మమ్మ చెప్పే మాటల్లోనే ఆమెకి తాత తెలుసు.

"దానికి ముందు ఇంట్లో ఇస్త్రీ దేంతో చేసేదానివి?"

"బొగ్గులది ఉండేది. నిప్పురవ్వ పడిందంటే చొక్కాకి చిల్లే. అదీ ఇంట్లోనే. పనిలో అది వాడనిచ్చేది కాదు మదాం ఓదెత్."

ఆ పేరు తలుచుకోగానే నెలిదా గొంతు మారిపోయింది. నగరం పాత పేటలో, రేవుకి రెండు వీధుల అవతల ఓదెత్ లాండ్రీ. లోపలికెళ్తే మధ్యలో బొగ్గు పొయ్యి, నాలుగు పక్కలా ఏటవాలుగా పోత ఇనుప పలకలు. ఒక్కో పలకకి ఆరేసి ఇనుములు ఆనించి ఉండేవి. ఎండాకాలంలో ఆడవాళ్లు లోపావడాలతో పనిచేసేవారు. మగవాళ్లు ఎవరైనా వస్తే బయటి అరుగు దగ్గరే ఆగి కేక వెయ్యాలి.

"ఆవిడ బల్ల మీద ఇత్తడి గంట ఉండేది. చేతిలో ఇనుము చల్లారే టైముకి కొట్టేది. గంట వినిపిస్తే చాలు, పదిమందిమీ ఒకేసారి లేచి ఇనుములు మార్చుకునేవాళ్లం. చేరిన మొదటిరోజు నాకేం చెప్పిందో తెలుసా? 'ఇనుముని తొయ్యకు పిల్లా, దానికి దారి చూపించు' అంది. నెల్లాళ్లు దస్తీలే ఇచ్చింది. తర్వాత దిండు గలీబులు. చొక్కా చేతికొచ్చేసరికి ఏడాది పట్టింది."

"తాత చొక్కా కూడా అక్కడేగా?"

"అదే చెప్పబోతున్నా." ఆమె బుగ్గలు రంగెక్కాయి. "రేవులో మూటలు మోసే మనిషి. శనివారం శనివారం ఒక నీలం చొక్కా తెచ్చేవాడు. మూడో వారం మడత విప్పి చూస్తే నేను చేసిన మడత నేను చేసినట్టే ఉంది. ఒంటిమీద వేసుకున్న జాడే లేదు. ఉతికిందే ఉతికి, చేసిందే చేసి ఇస్తున్నాం మేము. ఓదెత్‌కి చూపించాను. ఆవిడ చూసి, 'చొక్కా అక్కర్లేదు వీడికి. లోపలికి తొంగిచూడటం కావాలి. నువ్వే బయటికెళ్లి ఇవ్వు' అంది."

బస్సు పాసో మోలినోలో ఆగేదాకా ఆమె చెబుతూనే ఉంది. ఇరవై నాలుగు ఇనుముల్లో తనది ఏదో పిడి మీద గాటు చూసి చెప్పేయడం, ఓడ కెప్టెన్ల చొక్కా కాలర్లు, బొద్దింకల్ని కొట్టడానికి గంజి గరిటె వాడిన ఎల్సా అనే పిల్ల. ఇవాళ పొద్దున ఏం జరిగిందన్నది తప్ప అన్నీ చెప్పింది.

*

కొట్లో ఇస్త్రీపెట్టెలు గోడ పొడుగునా వరసగా ఉన్నాయి. ఊదా, నారింజ, ఆకుపచ్చ. నలభై ఏళ్లావిడ నవ్వుతూ ఎదురొచ్చింది. జేబు మీద గ్లాదిస్ అని పేరుంది.

"ఇంట్లోకా, సెన్యోరా? ఇది చూడండి. దూదిలా ఉంటుంది. ఆవిరి ఇరవై ఎనిమిది రంధ్రాల్లోంచి వస్తుంది."

నెలిదా అందుకుంది. కళ్లు మూసుకుంది. చేతిని మణికట్టు దగ్గర్నుంచి కొంచెం అటూ ఇటూ ఊపింది.

"బరువు లేదు," అంది.

"అదే దీని గొప్ప!"

"బరువు లేకపోతే నొక్కేది ఎవరు? నేనే నొక్కాలి. గంట చేసేసరికి భుజం పడిపోతుంది. పని ఇనుము చెయ్యాలి, నేను కాదు." దాన్ని కింద పెట్టింది. "అమ్మాయీ, మీ ఇంట్లో గంజి పెడతారా?"

"మా అమ్మ పెట్టేదండీ. ఇప్పుడెవరు పెడుతున్నారు?"

"పెడితే ఈ ఇరవై ఎనిమిది రంధ్రాలూ పూడిపోతాయి. మూడు నెలలు తిరిగేసరికి తెల్లబట్ట మీద గోధుమరంగు నీళ్లు కక్కుతుంది."

గ్లాదిస్ అనహీ వైపు చూసింది. అనహీ నవ్వు ఆపుకుంటూ, "మా అమ్మమ్మ లాండ్రీలో పనిచేసింది," అంది.

"ముందే చెప్పాల్సింది. మరి మీరే చూసుకోండి సెన్యోరా. నేను నేర్చుకుంటాను."

నెలిదా చేతిసంచీలోంచి పల్చటి సిల్కు దస్తీ తీసింది. ఒక్కో పెట్టెనీ తిరగేసి అడుగు మీద దస్తీ జార్చింది. ఒకదాని మీద దస్తీ ఎక్కడో తట్టుకుంది. పక్కన పెట్టేసింది. తర్వాత ముక్కు చూసింది. మొద్దుగా ఉన్నవాటిని, "ఇది కుచ్చులోకి దూరదు," అని తోసేసింది. గుండీల చుట్టూ తిరగడానికి అంచున గాడి ఉందా లేదా వేలితో తడిమింది. నిలబెట్టి బల్లని చిన్నగా కుదిపింది. ఒకటి వెనక్కి పడబోతే గ్లాదిస్ పట్టుకుంది.

"వేడి తిప్పే చక్రం బొటనవేలికి అందాలి," అంది. "దానికోసం రెండో చెయ్యి రాకూడదు. రెండో చెయ్యి బట్ట మీదుండాలి."

పది పెట్టెలు మూడయ్యాయి. వాటిలో ఒకటి ఎంచి, మీట నొక్కితేనే ఆవిరి వస్తుందనీ, నొక్కకపోతే వట్టి ఇనుములా పనిచేస్తుందనీ గ్లాదిస్ చెప్పింది. వైరు పొడుగ్గా, గుడ్డ తొడుగుతో ఉంది. బరువూ బాగానే ఉంది.

"పెట్టి చూపిస్తావా?"

గ్లాదిస్ ప్లగ్గులో పెట్టింది. నెలిదా వేలికొన తడిచేసుకుని అడుగుకి అలా తగిలించీ తగిలించకుండా తీసింది. సుయ్‌మని చప్పుడైంది.

"అమ్మమ్మా!"

"ఊరుకో. థర్మామీటరిదే నాకు." ఆ చప్పుడు విన్న నెలిదా ముఖం వెలిగిపోయింది. గ్లాదిస్ కూడా అలాగే నిలబడి వింటోంది.

"మా అమ్మ కూడా ఇలాగే చేసేది," అంది గ్లాదిస్ మెల్లగా. "నేను పూర్తిగా మర్చిపోయాను ఈ సంగతి. ఆదివారం సాయంత్రాలు... వంటింట్లో అంతా తడి గంజి వాసన."

"ఏ వీధమ్మా మీది?"

"సేర్రో సెన్యోరా, కొండ మీద."

ఇద్దరూ కాసేపు ఆ వాసన గురించే మాట్లాడుకున్నారు. అనహీకి తను అక్కడ లేనట్టే అనిపించింది.

"ఇదే ఇవ్వనా మరి?" అడిగింది గ్లాదిస్. "ఇంకో సుఖం ఉంది దీంతో. బట్ట మీద బోర్లా వదిలేశారనుకోండి, అర నిమిషంలో దానంతటదే ఆరిపోతుంది. నిలబెట్టి మర్చిపోతే ఎనిమిది నిమిషాలకి. పెద్దవాళ్లున్న ఇళ్లలో అందరూ ఇదే తీసుకుంటున్నారు."

నెలిదా చెయ్యి పిడి మీదే ఉండిపోయింది.

"అర నిమిషమా?" అంది.

"అర నిమిషం."

"అర నిమిషంలో పాప్లిన్ మాడదు," అంది నెలిదా, ఎవరితోనూ కాకుండా. "ఇదే కట్టి ఇవ్వు అమ్మాయీ."

*

బస్సు రావడానికి ఇంకా టైముంది. స్టాపు బెంచీ మీద నెలిదా పెట్టెని ఒళ్లో పెట్టుకుని కూచుంది. ఈసారి కథలేం చెప్పలేదు. రెండు బస్సులొచ్చి వెళ్లాయి. అవి వాళ్లవి కావు.

"అనహీ."

"ఊఁ."

"పాత పెట్టెకి ఏం కాలేదే."

అనహీ తిరిగి చూసింది. అమ్మమ్మ రోడ్డు వైపే చూస్తోంది.

"కుచ్చు మీద ఇనుము ఆనించాను. ఆనించి, గంట కోసం చూస్తున్నాను."

"ఏ గంట?"

"ఓదెత్ గంట. గంట కొడితే మార్చుకోవాలి కదా. కొట్టలేదు. ఇవాళ ఈవిడ ఇంత ఆలస్యం చేస్తోందేమిటా అనుకుంటున్నాను. పక్కన ఎల్సా ఉన్నట్టే ఉంది. పొగ ముక్కుకి తగిలాక చూస్తే మీ అమ్మ వంటిల్లు." నెలిదా అట్టపెట్టె అంచు గోటితో గీరింది. "కలలాగా లేదు. కలైతే లేచాక తెలుస్తుంది కదా."

అనహీ అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. వేళ్ల మీద పాత కాలిన మచ్చలు, ఒక్కొక్కటీ ఒక్కో ఏటివి. చిన్నప్పుడు వాటిని లెక్కపెడుతూ నిద్రపోయేది.

"భయమేసిందా అమ్మమ్మా?"

"అప్పుడు కాదు. అప్పుడు హాయిగానే ఉంది. అదే భయం ఇప్పుడు."

"అమ్మకి చెప్పాలి."

"చెప్తాను. నువ్వు చెప్పకు. నా నోటితోనే చెప్తాను." అట్టపెట్టెని ఒళ్లోకి ఇంకాస్త లాక్కుని, "చెప్తే నిల్సా వస్తుంది," అంది. "ఆదివారం ఎవరైనా అంగీ తెస్తే గుమ్మంలోంచే పంపించేస్తుంది."

బస్సు వచ్చింది. అనహీ లేచి చెయ్యి అందించింది. నెలిదా ఆ చెయ్యి పట్టుకోకుండానే ఎక్కింది.

*

ఇంటికొచ్చేసరికి రోస్మారి గుమ్మంలోనే ఎదురైంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. లోపల ఇస్త్రీ బల్ల వేసి, దాని మీద పాత దుప్పటి, ఆ పైన తెల్లగుడ్డ బిగువుగా పరిచి ఉంది, నెలిదాకి కావాల్సినట్టే. కొత్త ముందు భాగం కుట్టి, గంజి పెట్టడం కూడా అయిపోయింది.

"కూచో అమ్మా," అంది. "నీళ్లు తాగు."

బల్ల దగ్గర మిల్టన్ ఉన్నాడు. ఎదురుగా పాత ఇస్త్రీపెట్టె, పేపర్లో చుట్టి.

"అపరీసియో విప్పి చూశాడు," అన్నాడు, అత్తగారి వైపు కాక మాతే బుర్ర వైపు చూస్తూ. "లోపల థర్మోస్టాట్ అతుక్కుపోయిందట. చక్రం ఎంతకి తిప్పినా పూర్తి వేడికి వెళ్లిపోతుందట. ఎవరి చేతిలో ఉన్నా మాడేదే అన్నాడు."

రోస్మారి తల్లి ముందు నిలబడింది. క్షమించమనడం ఆమెకి ఎప్పుడూ చేతకాదు. ఏప్రన్ మేకు మీంచి తీసి తెచ్చి తల్లి చేతికిచ్చింది.

"పొద్దున నేను అన్నవి..." అని ఆగిపోయింది. "నువ్వు చెప్తూనే ఉన్నావు, పెట్టె పాడైందని. నేనే వినలేదు."

నెలిదా ఏప్రన్ పట్టుకుని అల్లుడి వైపు చూసింది. మిల్టన్ గొట్టంలోంచి గట్టిగా పీల్చాడు. బుర్రలో నీళ్లు అయిపోయి గుర్రుమని చప్పుడొచ్చింది.

అనహీ అమ్మమ్మనే చూస్తోంది.

"ముందు అంగీ కానివ్వండి," అంది నెలిదా. "గంజి ఆరిపోతుంది."

ఏప్రన్ కట్టుకుంది. కొత్త పెట్టె ప్లగ్గులో పెట్టింది. వేలు తడిచేసుకుని చప్పుడు విన్నది. ముందు లోపలి వైపు, తర్వాత కాలరు, భుజాలు, చేతులు. కుచ్చులు చివర్న. ఎడమచెయ్యి బట్టని కొద్దిగా లాగి పట్టుకుంటే, కుడిచేతిలో ఇనుము దాని దారిన అది వెళుతోంది. ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు.

రోస్మారి గోడకానుకుని నిలబడి చూస్తోంది. యాభై దాటిన ఆమె ముఖం ఆరేళ్ల పిల్లదైపోయింది.

"మొదటిరోజు నాకు ఇలాగే చేసిచ్చావు," అంది. "నలుగుతుందేమోనని చేతులు రెండూ దూరంగా పెట్టుకుని నడిచాను, బడిదాకా."

"పెంగ్విన్‌లాగా," అంది నెలిదా.

"నాన్న కూడా పక్కన అలాగే నడిచాడు. వీధంతా చూస్తోంది."

"టీచరు ఫోన్ చేయించింది, పిల్ల కూచోవడం లేదని."

"కూచుంటే కుచ్చు నలుగుతుందని నువ్వేగా చెప్పావు!"

తల్లీకూతుళ్లిద్దరూ నవ్వారు. ఎన్నాళ్ల తర్వాతో అలా ఒకేసారి, ఒకే విషయానికి నవ్వడం. రోస్మారి కళ్లు తుడుచుకుంది. నవ్వుకి వచ్చిన నీళ్లో, మరెందుకు వచ్చినవో.

"నేనూ టీచర్నవ్వాలనుకున్నాను గుర్తుందా?" అంది. "నాన్న పోయాక కుదరలేదు. అందుకే పొద్దున ఆ మచ్చ చూసేసరికి... నా అంగీయే మాడిపోయినట్టు అనిపించింది."

"తెలుసు," అంది నెలిదా. "నువ్వు కుడుతున్నప్పుడే తెలుసు."

అంగీ అయింది. అనహీ తొడుక్కుంది. కుచ్చులు నాలుగూ కత్తి అంచుల్లా నిలబడ్డాయి. మిల్టన్ లేచి చప్పట్లు కొట్టాడు. రోస్మారి కూతురి చుట్టూ తిరిగి చూసి, కాలరు సర్దింది. సర్దాల్సినంత ఏమీ లేదు అక్కడ.

"రేపు ఎవరైనా పిల్లల అంగీలు తెస్తే చెయ్యమ్మా," అంది ఫోన్ చేతిలోకి తీసుకుంటూ. "నిల్సాకి రావద్దని చెప్పేస్తాను. పాపం, ఇంకెక్కడైనా చూసుకుంటుంది. తాళాలు నీ దగ్గరే ఉండనీ."

ఫోన్ మోగడం గదిలో అందరికీ వినిపిస్తోంది. ఒకటి. రెండు.

అనహీ కళ్లెత్తలేదు. చెప్పొద్దంది అమ్మమ్మ. చెయ్యి తనకి తెలియకుండానే తెల్లటి కుచ్చుని పట్టుకుని నలిపేస్తోంది.

"ఫోన్ పెట్టెయ్, రోస్మారి," అంది నెలిదా.

"ఒక్క నిమిషం అమ్మా, ఎత్తుతుందిప్పుడు..."

"పెట్టెయ్యమన్నాను."

రోస్మారి పెట్టేసింది.

నెలిదా కొత్త పెట్టెని నిలబెట్టి, స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, వైరు చేతికి చుట్టుకుంది. అన్నీ అయ్యాక అల్లుడి వైపు తిరిగింది.

"మిల్టన్, అపరీసియో నిజంగా ఏమన్నాడు?"

"చెప్పానుగా అత్తయ్యా. థర్మోస్టాట్..."

"ఆ పెట్టె నలభై అయిదేళ్లు నా చేతిలో ఉంది. పొద్దున నేను ఎంతకి తిప్పానో అంతే వేడెక్కింది. ఏమన్నాడు?"

మిల్టన్ మాతే బుర్ర బల్ల మీద పెట్టాడు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో అతనికి జోకు దొరకని క్షణం రోస్మారి ఎప్పుడూ చూడలేదు.

"ఇంకో నలభై అయిదేళ్లు పనిచేస్తుందన్నాడు," అన్నాడు.

"మరి నాతో ఎందుకు..." రోస్మారి మాట సగంలో ఆగింది. "అబద్ధమా? నువ్వు, ఈ విషయంలో, నాతో అబద్ధం చెప్పావా?"

"వాణ్ని తిట్టకు," అంది నెలిదా. "తప్పు నాది. ఇనుము పెట్టి మర్చిపోయాను. మర్చిపోవడం కూడా కాదు, ఇక్కడ లేనే లేను. ఓదెత్ దగ్గరున్నాను. పాలు కూడా అంతే. తలుపు కూడా."

రోస్మారి చేతిలో ఫోన్ మళ్లీ మోగసాగింది. నిల్సా తిరిగి చేస్తోంది. ఎవరూ దాని వైపు చూడలేదు. మోగి మోగి ఆగిపోయింది.

రోస్మారి క్లినిక్‌లో రోజుకి పదిమందిని అడిగే ప్రశ్న ఒకటుంది. అక్కడ కాగితం మీద రాసుకుంటూ తల కూడా ఎత్తకుండా అడుగుతుంది. ఇప్పుడు తల్లి ముఖంలోకి చూస్తూ అడిగింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"జులై నుంచి," అంది నెలిదా.

"రెండేళ్ల నుంచి," అన్నాడు మిల్టన్.

ఇద్దరూ ఒకేసారి చెప్పారు. రోస్మారి భర్త వైపు తిరిగింది. కానీ ఆమె కన్నా ముందే, చేతికి వైరు చుట్టుకుని నిలబడ్డ నెలిదా అతని వైపు తిరిగింది.

"రెండేళ్లా? నాకే తెలియకుండా?" అంది.